హారిక బుగ్గతో నాంపల్లికి

హైదరాబాదు వెళ్ళొచ్చామంటే చాలు, మా తాడేపల్లిగూడెంలో అందరూ ఒకటే పాట. చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా, బిరియానీ తిన్నారా? చార్మినార్ చూడలేదు. గోల్కొండ ఎక్కలేదు. బిరియానీ మాత్రం తిన్నాం. అందులో కారం చాలలేదు. ఆ మాట పైకంటే హైదరాబాదు వాళ్ళు కొడతారని లోపలే అనుకున్నాను. నేను చూసిన హైదరాబాదంతా, ఒక్క రోజు తప్ప, నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్ దాకానే. నడిచి వెళ్ళే దూరం. మీలో ఎవరికైనా నాలాగా అక్కడికి వెళ్ళాల్సిన పని పడొచ్చు. పడకూడదనే కోరుకుంటాను. పడితే మాత్రం తలెత్తుకుని వెళ్ళండి, అది చెప్పడానికే రాస్తున్నాను.

మా అమ్మాయి హారికకు పన్నెండేళ్ళు. మూడేళ్ళ కిందట దాని ఎడమ బుగ్గ కాస్త ఎత్తుగా కనిపించింది. మా అత్తగారు చూసి "గవదబిళ్ళలే" అని తేల్చేశారు. మా వైపు గవదలు వస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు, బంగారం ఒంటికి తగిలితే వాపు లాగేస్తుందని. ఆవిడ తన రెండు పేటల గొలుసు తీసి మనవరాలి మెడలో వేశారు. నెల గడిచినా గొలుసు గొలుసులాగే ఉంది, బుగ్గ బుగ్గలాగే ఉంది. తరవాత ఒక పళ్ళ డాక్టరు పుచ్చిందంటూ శుభ్రమైన పన్నొకటి పీకి పంపించాడు. చివరికి విజయవాడలో స్కానింగ్ తీయిస్తే అసలు పేరు తెలిసింది. ఫైబ్రస్ డిస్ప్లేసియా.

పేరు పలకడానికి నాకు వారం పట్టింది, విషయం మాత్రం అర్థమైంది. గట్టి ఎముక ఉండాల్సిన చోట పీచు పెరిగి ఎముకను ఉబ్బించేస్తుంది. నాది కర్రీ పాయింటు, నా భాషలో చెప్పాలంటే బెండకాయ ముదిరినట్టు. క్యాన్సరు కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. బిడ్డ కడుపులో పడిన కొత్తలో ఎక్కడో ఒక కణంలో జరిగే పొరపాటట, దానికి తల్లిదండ్రులు చేసిందీ లేదు, చెయ్యగలిగిందీ లేదు. నేను కడుపుతో ఉండగా గ్రహణం నాడు కూరలు తరిగినందువల్ల వచ్చింది కాదు. ఈ వాక్యం మా వీధిలో ఇద్దరి కోసం ప్రత్యేకంగా రాశాను, ఎవరో వాళ్ళకే తెలుసు.

బుగ్గ ఒక్కటే అయితే ఇంత దూరం వెళ్ళేవాళ్ళం కాదేమో. ఆ ఎముక లోపలికి పెరిగి ఎడమ ముక్కు మూసేసింది. పిల్ల నోటితో ఊపిరి తీస్తూ పడుకుని, గొంతు ఎండిపోయి, రాత్రంతా నీళ్ళకి లేచేది. ఎడమ కన్ను కూడా కాస్త పైకి జరిగింది. అది చూశాకే విజయవాడ డాక్టరు "ఇక ఆగకూడదమ్మా, ఇలాంటివి చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి" అని ఆబిడ్స్‌లో ఒక ఆస్పత్రికి చీటీ రాసిచ్చారు.

ప్రయాణం రోజున అత్తగారు మళ్ళీ గొలుసు తీశారు. "రైల్లో ప్రతివాళ్ళూ అడుగుతారే. గవదలని చెప్పు. గొలుసు చూసి నమ్మేస్తారు." నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఉపాయం నచ్చింది. ఎదురుసీటు వాళ్ళందరికీ ఎముక, పీచు అని పాఠం చెప్పే ఓపిక నాకెక్కడిది? హారిక మాత్రం మెడ గోక్కుంటూ రైలెక్కింది.

నాంపల్లి

తెల్లవారేసరికి నాంపల్లిలో దిగాం. మా ఆయన రైస్ మిల్లులో కాటా దగ్గర పనిచేస్తారు, సెలవు దొరకలేదు. ఆపరేషన్ రోజుకి వస్తానన్నారు. కాబట్టి దిగింది నేనూ, హారికా, రెండు సంచులూ.

స్టేషను బయట టీ కొట్టు. మా ఊళ్ళో టీ అంటే పాలు, ఆకు, అల్లం అన్నీ ఒకే గిన్నెలో కుతకుతలాడాలి. ఇక్కడ డికాక్షన్ ఒక దాంట్లో, పాలు ఇంకో దాంట్లో కాచి, అడిగినప్పుడు కలిపిస్తారు. పక్కన ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్టు. టీ ఇరవై రూపాయలు. మొదటి గుక్కకి ఇంత ధరా అనిపించింది, మూడో గుక్కకి ఇంకోటి చెప్పాను. వ్యాపారస్తురాలిని, మంచి సరుకు చూస్తే ఒప్పుకుంటాను.

ఆటో ఎక్కగానే డ్రైవరు అద్దంలో హారికను చూశాడు. గడ్డం నెరిసిన పెద్దాయన. మా వైపు వాళ్ళు ముందు ఊరు, తరవాత ఇంటిపేరు, ఆ తరవాత అసలు సంగతి అడుగుతారు. ఈయన నేరుగా వచ్చేశాడు.

"బేటీకి ఏమైందమ్మా?"

"గవదలండి," అన్నాను.

"అయితే గా బంగారం ఎందుకు?"

"గవదలు తగ్గుతాయని వేస్తామండి, మా వైపు."

ఆయన సిగ్నల్ దగ్గర ఆటో ఆపి వెనక్కి తిరిగి మరీ చూశాడు. "సోనాతోని తగ్గుతదా? మరి మేమంతా ఏం చెయ్యాలమ్మా, మాకు సోనా లేదు. జర లోపలెయ్యండి, చోరీ అయితది. దవాఖానకి తోల్కపోండి."

హారిక పగలబడి నవ్వింది. ఇంటి దగ్గర బయలుదేరాక అదే మొదటి నవ్వు. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది, గొలుసు మాత్రం దాని జాకెట్టు లోపలికి తోశాను.

హిమాయత్‌నగర్

ముందు మేము దిగింది హిమాయత్‌నగర్‌లో, మా అత్తగారి అక్క ఇంట్లో. నాకు పెద్దత్తయ్య, హారికకు పెద్దమామ్మ. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు దాంతోపాటు మారిన గుమాస్తాగారి ఇంటికి కోడలుగా వచ్చిందావిడ. ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నా గోంగూరలో పచ్చిమిరపకాయలే వేస్తుంది, మాటలో మా యాసే. మంచిదే పాపం. కాకపోతే నలుగురు ఏమనుకుంటారో అన్నదే ఆవిడకి గాలీ నీరూ.

మేము వెళ్ళిన సాయంత్రమే వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. పీటలు వేస్తూనే నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఎవరడిగినా గవదలని చెప్పండి. గొలుసు పైకి కనిపించనీ."

"అలాగేనండి," అన్నాను. అప్పటికి నాకూ అదే అలవాటైంది.

హాలు నిండా జనం. ఆ మేడలో వాళ్ళూ, వీధిలో వాళ్ళూ. కథలు ఐదూ అయ్యాయి, హారతి అయింది. ప్రసాదం గిన్నె చేతికిచ్చి పంచమంటే హారిక ఉత్సాహంగా లేచింది. మొదటి వరసలోనే ఒడిలో చంటిపిల్లాడితో ఒక కోడలు పిల్ల కూర్చుంది. "బుగ్గకేమైంది పాపా?" అంది. హారిక నా వైపు చూసింది. పెద్దత్తయ్య అందుకుని "గవదలమ్మా, తగ్గుముఖం పట్టాయి" అంది.

అంతే. గవదలు అంటుకుంటాయన్న సంగతి మా అబద్ధంలో మేము మర్చిపోయాం.

ఆ పిల్ల బిడ్డను భుజాన వేసుకుని లేచింది. పక్కావిడ తన మనవణ్ణి రెక్క పట్టుకుని లేపింది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను" అని ఒకరు, "లిఫ్టు ఆగిపోతుందేమో" అని ఇంకొకరు. ప్రసాదం తీసుకోకుండా వెళ్ళినవాళ్ళకి ఏమవుతుందో అంతకు ముందే కదా కథలో శ్రద్ధగా విన్నారు! అయినా చెప్పుల కోసం గుమ్మం దగ్గర తొక్కిసలాట. పంతులుగారు కూడా తాంబూలం కాస్త దూరంగా పెట్టమన్నారు. హారిక గిన్నె పట్టుకుని హాలు మధ్యలో అలాగే నిలబడిపోయింది.

తరవాత అది గిన్నె కింద పెట్టి, మెడలోంచి గొలుసు తీసి పెద్దమామ్మ చేతిలో పెట్టింది. గుమ్మం వైపు తిరిగింది.

"గవదలు కాదండి. అంటుకోదండి. నా ఎముకలో పీచు పెరుగుతోందండి. సోమవారం డాక్టరుగారికి చూపించుకుంటున్నామండి. ప్రసాదం తినెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. చెప్పులు వేసుకున్నవాళ్ళు వేసుకున్నట్టే ఉన్నారు. అప్పుడు కింది అంతస్తులో ఉండే రిటైర్డు మాస్టారు ఒకాయన, ఇక్కడి పాత కుటుంబం వాళ్ళు, చెప్పులు మళ్ళీ విప్పేశారు. "ఔనా బిడ్డా? గట్లైతే నా ప్రసాదం ఇటియ్యి. ముందే చెప్తే అయిపోవు గదా, ఉత్తగనే ఉరికించిన్రు." ఆయన వెనక ఇంకో నలుగురు వచ్చారు. చంటిపిల్లాడి తల్లి రాలేదు, పోనివ్వండి.

అందరూ వెళ్ళాక పెద్దత్తయ్య వంటింట్లో నన్ను పట్టుకుంది. "జబ్బు పేరు నలుగురిలో చాటించుకుంటారటే? గవదలైతే తగ్గిపోతాయంటారు. ఇప్పుడు ఏమంటారో?"

"ఏమన్నా అననివ్వండి పెద్దత్తయ్యా. అబద్ధానికి ఇల్లు ఖాళీ అయింది, నిజానికి ఐదుగురు వెనక్కొచ్చారు."

"నోటికేం తక్కువ లేదు తల్లీకూతుళ్ళకి. సరే, ఇంత దూరం వచ్చారుగా, ఆ బుగ్గ మొత్తం రెండో దానికి సమానంగా చదును చేయించుకునే వెళ్ళండి. ఆడపిల్ల మొహం."

దీనికి మాత్రం నేను ఎదురు చెప్పలేదు. నా మనసులో ఉన్నదీ అదే. మర్నాడు పొద్దున్నే గొలుసు ఆవిడ బీరువాలో దాచిపెట్టమని చెప్పి, సంచులు సర్దుకుని నాంపల్లిలో లాడ్జికి మారిపోయాం. ఉండమని ఆవిడ అనకా పోలేదు, గట్టిగా అననూ లేదు.

ఆబిడ్స్‌లో ఆదివారం

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూస్తారు, మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇన్ని పుస్తకాలు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. ఇంజనీరింగ్ పుస్తకాల పక్కన వంటల పుస్తకాలు, వాటి మీద అట్టల నిండా ఎవరి పిల్లలవో ఫోటోలూ మార్కులూ ఉన్న గైడ్లు. జనం వంగి చూస్తున్నారు గాని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మా గూడెం బజారులో హారిక నడిస్తే ముందు బుగ్గని చూస్తారు, తరవాత నన్ను చూస్తారు, ఆ తరవాత అయ్యో అంటారు. ఇక్కడ మా పిల్లని చూసే తీరిక ఎవరికీ లేదు. నాకు ఆ రద్దీ మహా నచ్చింది.

హారిక దెయ్యం కథల పుస్తకం ఒకటి ఏరుకుంది. అమ్మే అతను తలెత్తి చూశాడు.

"ఏమైంది బేటా, మొహానికి?"

"ఎముక జబ్బండి. ఆపరేషన్‌కి వచ్చామండి," అంది హారిక. గొలుసు తీశాక దాని గొంతే మారిపోయింది.

"అచ్ఛా. పుస్తకం ఎనభై."

"నలభై చేసుకోండి. అట్ట చిరిగింది కదండి," అంది.

"అట్ట సదువుతవా, కథ సదువుతవా? డెబ్బై."

పావుగంట బేరం ఆడి అరవైకి తెచ్చింది. పాపం ఆపరేషన్ పిల్ల అని అతను జాలిపడి ఒక్క రూపాయి తగ్గించలేదు. నాకెంత ఆనందమైందో చెప్పలేను. మూడేళ్ళుగా మా పిల్లకి జామకాయ కొసరు, మిఠాయి కొసరు, అన్నిటి మీదా ఒక నిట్టూర్పు. ఈ మహానుభావుడు దాన్ని ఒట్టి బేరగత్తెలా చూశాడు.

మధ్యాహ్నం ఒక కర్రీ పాయింటు కనిపిస్తే వదలబుద్ధి కాలేదు. మా దగ్గర పాతిక రూపాయల కూర ఇక్కడ నలభై. దొండకాయ వేపుడు నా కన్నా బాగా చేశాడని ఒప్పుకోను గాని, మా గూడెం వచ్చాక కరివేపాకు అతనిలాగే చివర్లో వేస్తున్నాను.

ఆస్పత్రి

ఆస్పత్రి ఆబిడ్స్‌లో ఒక సందులో ఉంది. కూర్చునే చోట మా పక్కన ఒక తల్లీ కూతురూ. కూతురు కుడి చెంప ఎముక ఎత్తుగా ఉంది. హారిక ఆ అమ్మాయిని కన్నార్పకుండా చూసింది. పాపం, తనలాంటి మొహం ఇంకొకటి అది అంతవరకూ చూడలేదు. ఆ అమ్మాయి కూడా దీన్ని చూసి నవ్వి, తన పక్కన కుర్చీ చూపించింది.

తల్లి పేరు భాగ్యమ్మ. గౌలిగూడలో తాళాల దుకాణం. కూతురు స్వప్నకు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ చదువుతోంది.

"మీది ఏ ఊరు? గింత చిన్నపిల్లకు ఇప్పుడే చేపిస్తున్రా?" అంది భాగ్యమ్మ.

"కంటి దాకా వచ్చిందండి. పనిలో పని, బుగ్గ కూడా మొత్తం చదును చేయించేద్దామని."

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. స్వప్న చెప్పడం మొదలుపెట్టింది. "ఆంటీ, నాకు తొమ్మిదేండ్లప్పుడు చేపిచ్చిన్రు, వేరే దవాఖానల. డాక్టరు ఆగుమన్నడు. నాకు కండ్లకు బాధ లేదు, ముక్కుకు బాధ లేదు. కానీ మా మామ పెండ్లి ఉండె. ఫోటోలల్ల మంచిగ కనిపించాలని మావోళ్ళు ఆగలే."

"మరి?"

"ఫోటోలల్ల మస్తున్న. మూడేండ్లల్ల మల్ల గింత పెరిగింది."

భాగ్యమ్మ కొంగు సర్దుకుంది. "ఏం చేస్తం అక్కా, అందరు చెప్పిన్రు, చేసినం."

"ఇప్పుడు నా ఎదుగుడు అయిపోయింది, ఇది గూడ ఆగింది. గీసారి నేనే వచ్చిన, నాకే కావాలనిపించి వచ్చిన. అమ్మ తోడొచ్చింది, గంతే," అంది స్వప్న.

హారిక ఒకటే అడిగింది. "కోస్తే నొప్పా అక్కా?"

"నొప్పి కంటే మొద్దు. పై పెదవి కొన్ని నెలలు నాది కానట్టే ఉండె. మెల్లగ వచ్చేసింది. ఫికర్ చెయ్యకు."

మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ యాభై ఏళ్ళ మనిషి, చిన్న జుట్టు. హారికతో "జర నోరు తెరువు బిడ్డా" అని చాలాసేపు చూసింది. ఒక్కో ముక్కు మూసి ఊపిరి తియ్యమంది. కంటి పరీక్ష చేయించింది. స్కానింగ్‌ను వెలుతురుకి పెట్టి చూపించింది. మంచి ఎముక తెల్లగా గీత గీసినట్టుంది, జబ్బు ఎముక చలికాలం అద్దం మీద ఊదినట్టు మసగ్గా ఉంది.

"ముక్కు దారి తెరవాలి. కంటి కింద ఒత్తుతున్న భాగం తగ్గించాలి. ఈ రెండూ ఇప్పుడు చెయ్యాల్సిందే. పెదవి లోపలి నుంచి చేస్తాం, బయట కోత కనిపించదు. ఈ ఎముకకు రక్తం ఎక్కువ పోతుంది, రక్తం సిద్ధంగా ఉంచుకోవాలి. బుగ్గ మీది ఎత్తు సంగతి వేరే. ఎదిగే వయసులో చెక్కితే మళ్ళీ పెరిగే అవకాశం ఎక్కువ. ఎదుగుదల ఆగాక చేస్తే మేలు."

"లేదండి, ఒకేసారి మొత్తం చేసెయ్యండి. మళ్ళీ పెరిగితే అప్పుడు చూసుకుంటాం," అన్నాను.

"బళ్ళో మొహం వల్ల పాప బాగా బాధపడుతుంటే అది కూడా కారణమే, కాదనను. కొంత తగ్గిస్తాను. కానీ అది పాప చెప్పాలి."

"పన్నెండేళ్ళ పిల్ల ఏం చెప్తుందండి?"

డాక్టరమ్మ కుర్చీ హారిక వైపు తిప్పుకుంది. "నీకేం కావాలె బిడ్డా?"

"ముక్కండి," అంది హారిక. "రెండు వైపులా గాలి రావాలండి. కన్ను కిందకి రావాలండి. బుగ్గ ఇప్పుడొద్దండి. పెద్దయ్యాక ఆ అక్కలాగ నేనే వస్తానండి. కావాలనిపిస్తే."

నాకు ఒళ్ళు మండిపోయింది.

టిఫిన్ సెంటరులో యుద్ధం

నాంపల్లి దాకా నడిచి వచ్చాం. టిఫిన్ సెంటరులో ఇడ్లీ చెప్పి, రాగానే మొదలుపెట్టాను. మూడేళ్ళు ఎన్ని ఆస్పత్రుల చుట్టూ తిరిగాం, ఎంతమందితో మాటలు పడ్డాను, ఇప్పుడు డాక్టరమ్మ ముందు నా మాట తీసిపారేస్తావా అని. సర్వరు చట్నీ వేయడానికి వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు.

హారిక కుడివైపు మాత్రమే నములుతూ అంతా విన్నది.

"నువ్వు కూడా పెద్దమామ్మలాగే అడిగావమ్మా," అంది.

"నేనూ ఆవిడా ఒకటేనే? నీ కోసమే కదా! బళ్ళో ఏడిపిస్తారని ఎన్నిసార్లు ఏడ్చావు?"

"ఏడ్చాను. ఏడిపించేవాళ్ళు బుగ్గ పోతే ఇంకోటేదో చూసి ఏడిపిస్తారు. గొంతు ఎండిపోయి లేచేది నేను కదా. ఆ అక్క బుగ్గ మళ్ళీ వచ్చింది, చూశావుగా. నేను రెండుసార్లు కోయించుకోను."

నాకు కోపం రెట్టింపైంది. పిల్ల పెంకితనం చేస్తే మనకు అంత కోపం రాదు, నిజం చెబితేనే వస్తుంది. గ్రహణం అన్న వీధి వాళ్ళ మీద, పన్ను పీకిన వాడి మీద, చెప్పులు వెతుక్కున్న పేరంటాళ్ళ మీద కత్తి దూసిన నేను, చివరికి వాళ్ళ పక్కనే నిలబడి ఇదే పిల్లను చదును చెయ్యమంటున్నాను. అలాగని వెంటనే ఒప్పుకున్నానా? లేదు. ఆ రోజూ మర్నాడూ దానితో ముక్తసరిగానే మాట్లాడాను. అది దెయ్యం కథలు చదువుకుంది.

బుధవారం ఆస్పత్రిలో చేర్చేటప్పుడు సంతకం పెట్టమన్నారు. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "ఏమ్మా, ముక్కు, కన్ను. బుగ్గ వద్దు. అంతేనా?" హారిక నన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలటం లేదు, ఏం చేస్తానో చూద్దామన్నట్టుంది.

"అంతేనండి," అని సంతకం పెట్టాను.

గురువారం

మా ఆయన బుధవారం రాత్రి రైలెక్కి పొద్దున దిగి, మొహం కడుక్కుని, నేరుగా రక్తం ఇవ్వడానికి వెళ్ళారు. వరండాలో వచ్చి కూర్చున్నాక బుగ్గ సంగతి చెప్పాను. ఆయన "అదే అన్నదా?" అన్నారు. "అదే అన్నది" అన్నాను. "అయితే సరే," అన్నారు. మిల్లులో బస్తా బరువు మీద ఇంతకంటే ఎక్కువ వాదిస్తారు.

లోపలికి తీసుకెళ్తుంటే హారిక స్ట్రెచరు మీద నుంచి నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా ధైర్యమంతా దానిదే, ఆ నిమిషంలో మాత్రం పన్నెండేళ్ళ పిల్ల. "అమ్మా, నువ్వు ఇక్కడే ఉంటావుగా?" అంది. ఎక్కడికి పోతాను?

భాగ్యమ్మ మా కోసం డబ్బా తెచ్చింది. స్వప్నకు తరవాతి వారం ఆపరేషన్, అయినా తల్లీ కూతుళ్ళిద్దరూ గౌలిగూడ నుంచి పనిగట్టుకుని వచ్చారు. బగారన్నం, ఆలుగడ్డ కూర. మసాలా దినుసులు తాలింపు వేసి వండిన అన్నం, మా వైపు పులావు అంటాం గాని దాని వాసన వేరు. "తినక్కా. తినకుంటే లోపల జల్దీ అయితదా?" అంది. నలుగురం ఆ వరండాలోనే తిన్నాం. ఆ అన్నం రుచి నాకు గుర్తులేదు, ఆవిడ వడ్డించిన తీరు మాత్రం మర్చిపోను. నా చేతి కూరలు వందమంది తింటారు, నాకు వడ్డించినవాళ్ళు తక్కువ.

డాక్టరమ్మ మధ్యాహ్నం దాటాక బయటికొచ్చింది. "రక్తం పోయింది, అనుకున్నంతే. ముక్కు దారి తెరిచాం. కంటి కింద తగ్గించాం. పిల్ల బాగుంది." తరవాత హెచ్చరించింది. "మొహం బాగా వాస్తుంది. ముందుకంటే పెద్దగా కనిపిస్తుంది. రెండు వారాలు ఎవరి మాటా వినకండి."

నిజమే. సాయంత్రానికి కన్ను మూసుకుపోయింది, బుగ్గ రెట్టింపైంది, ముక్కు నిండా గుడ్డ కుక్కారు. మా ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను ఏడవలేదు. ఏడిస్తే హారిక తెరిచి ఉన్న ఒక్క కంటితో చూస్తుందని ఏడవలేదు.

శనివారం

శనివారం పొద్దున ముక్కులో గుడ్డ తీశారు. కాసేపటికి ఫ్లాస్కులో రాగి జావతో పెద్దత్తయ్య వచ్చింది. వ్రతం నాటి కోపం పోయిందో లేదో తెలియదు గాని, ఆటో ఎక్కి, మెట్లెక్కి, రొప్పుతూ వచ్చింది. మంచం దగ్గరికి రాగానే ఫ్లాస్కు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటే! ముందరే నయం కదే! ఇంత కోత కోసి, ఇంత ఖర్చు పెట్టి, చేయించుకొచ్చింది ఇదా?"

నేను నోరు తెరిచాను. డాక్టరమ్మ చెప్పిన రెండు వారాల మాట, నా సొంత మాటలు మరో నాలుగు, అన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి. హారిక చెయ్యెత్తి నన్ను ఆపింది. పై పెదవి మొద్దుబారి ఉంది, మాట ముద్దగా వస్తోంది.

"పెద్దమామ్మా, చెయ్యి ఇటివ్వండి."

ఆవిడ అనుమానంగా చెయ్యి చాచింది. హారిక ఆ చేతిని తన ముక్కు కింద పెట్టుకుంది. పెదాలు బిగించి, కుడి ముక్కును వేలితో మూసింది. మెల్లగా ఊపిరి వదిలింది.

పెద్దత్తయ్య మొహం మారింది. "వెచ్చగా తగులుతోందే."

"ఎడమ వైపు నుంచేనండి."

"మళ్ళీ వదులు."

మళ్ళీ వదిలింది. ఆవిడ ఉంగరాల వేళ్ళు అక్కడే ఉంచి ఇంకోసారి వదలమంది. మూసుకుపోయాక ఆ ముక్కులోంచి గాలి రావడం ఆ రోజే మొదలు. నేనూ పొద్దున్నించి పదిసార్లు అలాగే చెయ్యి పెట్టి చూసుకున్నాను, చూసినప్పుడల్లా గుండె నిండిపోయింది.

కానీ పెద్దత్తయ్య పెద్దత్తయ్యే. చెయ్యి తీసుకుని, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ మొదటికొచ్చింది. "గాలి సరే. సంతోషమే. మరి బుగ్గ?"

"బుగ్గ నాదండి," అంది హారిక. "దాని సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ గిర్రున నా వైపు తిరిగింది, పిల్లని కోప్పడతానని. నేను జావ గ్లాసులో పోస్తున్నాను.

"దాని బుగ్గే కదా పెద్దత్తయ్యా," అని, జావ చల్లార్చడం మొదలుపెట్టాను.